నాన్‌ఫిక్షన్ రచయితతో ముఖాముఖి: చదవడం నుంచి అచ్చు దాకా

నాన్‌ఫిక్షన్ రచయితను "ఈ పుస్తకం ఎందుకు రాశారు?" అని అడిగితే జవాబు తప్పకుండా వస్తుంది. ఆ జవాబు ముందుమాటలో ఉంటుంది, అట్ట వెనక ఉంటుంది, అంతకుముందు ఇచ్చిన నాలుగు ఇంటర్వ్యూల్లోనూ ఉంటుంది. అదే రచయితను "112వ పేజీలో ఆ రాత్రి సన్నగా వాన పడుతోందని రాశారు. వాన సంగతి మీకెలా తెలిసింది?" అని అడిగి చూడండి. వాతావరణ శాఖ రికార్డు వెతికారా, ఎవరైనా డైరీలో రాసుకున్నారా, బతికున్న సాక్షి చెప్పాడా, లేక రాస్తున్నప్పుడు అలా తోచిందా అన్నది తేలిపోతుంది. ఆ ఒక్క వాన చినుకుతో ఆ రచయిత పనిచేసే పద్ధతంతా బయటికి వస్తుంది. ఇలాంటి ప్రశ్నలు తయారు చేసుకోవడం, అడగడం, వచ్చిన జవాబులను చెడగొట్టకుండా అచ్చులో పెట్టడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం.

పుస్తకాన్ని వెనక నుంచి తెరవండి

300 పేజీల పుస్తకానికి కనీసం 10 నుంచి 12 గంటలు పక్కన పెట్టుకోండి. ఇది నోట్సు రాసుకుంటూ చదవడానికి పట్టే సమయం. అంత సమయం లేకపోతే ఇంటర్వ్యూ తేదీని వాయిదా వేయండి. పుస్తకం చదవకుండా వచ్చిన మనిషిని రచయిత రెండో ప్రశ్నకే పసిగడతారు. అక్కడి నుంచి మర్యాదకు మాట్లాడతారు తప్ప మనసు పెట్టి మాట్లాడరు.

ముందుగా కృతజ్ఞతల పేజీ చదవండి. ఎవరు రాతప్రతి చదివారు, ఎవరు పాత ఉత్తరాలు ఇచ్చారు, ఏ గ్రంథాలయంలో ఎన్నాళ్లు కూర్చున్నారు అనేవి అక్కడ ఉంటాయి. తర్వాత పుస్తకం చివర ఉండే నోట్సు (ఏ సంగతి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవి), ఉపయుక్త గ్రంథాల పట్టిక. ఒక అధ్యాయానికి 80 నోట్సు ఉండి పక్క అధ్యాయానికి ఆరే ఉంటే అక్కడ ఏదో జరిగిందన్నమాట. ఆధారాలు దొరకలేదా, లేక అదంతా రచయిత కళ్లారా చూసిందా? ప్రశ్నగా రాసుకోండి. సూచికలో ఎవరి పేరుకు ఎక్కువ పేజీలు ఉన్నాయో చూడండి. ఉండాల్సిన పేరు లేకపోతే అదీ రాసుకోండి.

ఆ తర్వాతే మొదటి పేజీ. పెన్సిలు పట్టుకుని, అంచుల్లో నాలుగు రకాల గుర్తులు పెడితే చాలు. "ఎలా" అంటే ఈ సంగతి రచయితకు ఎలా తెలిసిందన్నది. "వరుస" అంటే ఇది ఇక్కడే ఎందుకు వచ్చింది, ముందో వెనకో ఎందుకు రాలేదన్నది. "మనిషి" అంటే బతికున్న వ్యక్తి గురించిన మాట, ఆ వ్యక్తి చదివారా లేదా అన్నది. ఇక ప్రశ్నార్థకం పొంతన కుదరని చోట. పుస్తకం పూర్తయ్యేసరికి 40, 50 గుర్తులు పోగవుతాయి. పేజీ సంఖ్యతో పాటు అధ్యాయం పేరు కూడా రాసుకోవడం మరవకండి. గట్టి అట్ట ప్రతికీ, చవక ప్రతికీ, ఈ-బుక్‌కూ పేజీలు కలవవు. మీరు "214వ పేజీ" అంటే రచయిత తన ప్రతిలో ఇంకేదో పేరా చూస్తూ కూర్చుంటారు, వేడెక్కిన సంభాషణ అక్కడే చల్లారిపోతుంది.

ఈ పనికి మంచి నమూనా అమెరికాలో సీ-స్పాన్ చానల్ కోసం బ్రయాన్ లాంబ్ నడిపిన బుక్‌నోట్స్ కార్యక్రమం. 1989 నుంచి 2004 దాకా వారానికో నాన్‌ఫిక్షన్ రచయిత, ఒక్కొక్కరితో గంట, ఒక రచయితకు ఒక్కసారే అవకాశం. లాంబ్ పుస్తకం చదివి, పేజీల మీద రాసుకుని మరీ కూర్చునేవారు. ఆయన రాతలున్న ఆ ప్రతులు ఇప్పుడు జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ప్రశ్నలు మాత్రం చాలా చిన్నవి: ఎక్కడ రాస్తారు, ఎంతకాలం పట్టింది, ఫలానా మనిషి ఎవరు. పుస్తకమంతా చదివిన వాడే అంత చిన్న ప్రశ్నతో సరిపెట్టుకోగలడు. చదవనివాడు తన ప్రశ్నను సాగదీసి ఆ లోటు కప్పుకుంటాడు.

చివరిగా, ఆ రచయిత అంతకుముందు ఇచ్చిన మూడు నాలుగు ఇంటర్వ్యూలు వినండి. ప్రతిచోటా చెప్పే కథలు రెండో మూడో ఉంటాయి. వాటిని మళ్లీ చెప్పించకండి. ఆ కథ ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి మీ ప్రశ్న మొదలుపెట్టండి: "పాత పెట్టెలో ఉత్తరాలు దొరికాయని చాలాచోట్ల చెప్పారు. వాటిలో మీరు వాడకుండా వదిలేసినవి ఏవి?"

గుర్తు నుంచి ప్రశ్న దాకా

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఎప్పుడో వచ్చిన పెద్ద వరద మీద ఒక పుస్తకం ఉందనుకోండి. అందులో పడవ నడిపే మనిషి "ఇక ఇది ఆగదు" అన్నాడని కొటేషన్లలో ఉంది. ఆ మనిషి పోయి 60 ఏళ్లయింది. మీ అంచు గుర్తు: "ఎలా".

ప్రశ్న: "పడవ మనిషి అన్న ఆ మాట మీకు ఎక్కడ దొరికింది?"

ఇక్కడి నుంచి రెండు దారులు. ఉత్తరంలో దొరికిందంటే, ఎవరు ఎవరికి రాసిన ఉత్తరం, వరదైన ఎన్నాళ్లకు రాసింది అని అడగండి. వారంలోపు రాసిన మాటకూ, 30 ఏళ్ల తర్వాత గుర్తు చేసుకున్న మాటకూ చాలా తేడా. అలా కాక, మనవడు చెప్పగా విన్నానని రచయిత అంటే, "మరి కొటేషన్లలో ఎందుకు పెట్టారు?" అని నెమ్మదిగా అడగాలి. ఇది నిలదీయడం కాదు. నాన్‌ఫిక్షన్ రాసేవాళ్లందరూ రాత్రిళ్లు తలపట్టుకునే ప్రశ్నే ఇది. చాలామంది దీని గురించి మాట్లాడే అవకాశం కోసం ఎదురుచూస్తుంటారు.

ఒక గంటకు 12 నుంచి 15 ప్రశ్నలు చాలు. వాటిలో ఐదింటికి చుక్క పెట్టుకోండి, సమయం సగానికి తగ్గిపోయినా అవి అడగాల్సిందే. ఒక ప్రశ్నలో ఒకే ప్రశ్న ఉండాలి. "ఎప్పుడు మొదలుపెట్టారు, ఎందుకు మొదలుపెట్టారు?" అని కలిపి అడిగితే ఆయన సులువైనదానికే జవాబు చెప్పి ఊరుకుంటారు. ప్రశ్నకు ముందు మీ అభిప్రాయం పేరా పొడుగునా చెప్పకండి. చెబితే "అవును, మీరన్నది నిజం" అన్నదే జవాబుగా మిగులుతుంది.

నాన్‌ఫిక్షన్‌లో తప్పకుండా తవ్వాల్సినవి కొన్ని ఉన్నాయి. వ్యాసంగా మొదలైంది పుస్తకంగా ఎప్పుడు మారింది, దేన్ని చూశాక మారింది. మొదటి రాతప్రతి ఎన్ని పేజీలు, అచ్చయింది ఎన్ని, పోయిన అధ్యాయం ఏది, దాన్ని తీసేయమన్నది ఎవరు. మొదట అనుకున్నదాన్ని తలకిందులు చేసిన ఆధారం ఏది. రెండు ఆధారాలు ఢీకొన్నప్పుడు దేన్ని నమ్మారు. ఎవరి పేరైనా మార్చారా, ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒకే మనిషిగా రాశారా, ఆ సంగతి పాఠకుడికి చెప్పారా. అచ్చయ్యాక బయటపడిన తప్పు ఏది, రెండో ముద్రణలో దిద్దారా. ఈ చివరి ప్రశ్నకు నిజాయితీగా జవాబిచ్చే రచయిత దొరికితే ఇంటర్వ్యూకి అంతకంటే విలువైనది ఉండదు.

ఆత్మకథల దగ్గర మాత్రం జాగ్రత్త. అందులోని మనుషులు రచయిత ఇంట్లోవాళ్లే. "మీ అక్కగారు ఈ అధ్యాయం చదివారా?" అన్న ప్రశ్న మంచిదే. కానీ రికార్డింగుకు ముందే "ఏ సంగతి మాట్లాడొద్దనుకుంటున్నారు?" అని అడిగి, ఇచ్చిన మాటకు కట్టుబడండి. బాధాకరమైన సంఘటనను మళ్లీ పూసగుచ్చినట్టు చెప్పమనకండి, అది పుస్తకంలో ఉంది. దాన్ని రాయడానికి ఏ రోజులు ఎంచుకున్నారు, ఎక్కడ ఆపేశారు, ఎలా మళ్లీ మొదలుపెట్టారు అని అడగండి.

రాత జీవితం గురించి అడిగేటప్పుడు

"మీ దినచర్య ఏమిటి?" అంటే ఎవరైనా ఆదర్శ దినచర్యే చెబుతారు. తెల్లవారుజామున లేవడం, నాలుగు గంటలు ఏకధాటిగా రాయడం. "నిన్న ఉదయం ఏం రాశారు? ఎక్కడ ఆగారు?" అని అడగండి. నిన్నటి రోజును ఎవరూ అంత సులువుగా అలంకరించలేరు. "నిన్న ఏమీ రాయలేదు, మూడు గంటలు ఒక పాత జాబితాలో ఒకే పేరు వెతికాను" అన్న జవాబు వంద దినచర్యల పెట్టు.

వస్తువుల గురించి అడగండి. నోట్సు ఎక్కడ పెడతారు, కార్డులా, పుస్తకాలా, కంప్యూటరా? అమెరికన్ నాన్‌ఫిక్షన్ రచయిత జాన్ మెక్‌ఫీ ఒక్కో భాగానికి ఒక్కో కార్డు రాసుకుని, వాటిని ప్లైవుడ్ చెక్క మీద పరిచి, అటూ ఇటూ జరుపుతూ రచన నిర్మాణం తేల్చుకునేవారు. అమెరికన్ జీవితచరిత్రకారుడు రాబర్ట్ కారో మొదటి ప్రతులు చేత్తో రాసి తర్వాత టైపురైటరు ఎక్కిస్తారు. ఇలాంటి వివరం ఎందుకు పనికొస్తుందంటే, పాఠకుల్లో చాలామంది ఏదో ఒకటి రాయాలనుకునేవాళ్లే. "చాలా శ్రమించాను" అన్న మాట వాళ్లకు ఎందుకూ అక్కరకు రాదు. ఫైలుకు ఏ పేరు పెడతారు, ఇంటర్వ్యూ టేపులు ఎన్ని గంటలున్నాయి, వాటిని ఎవరు రాసిపెట్టారు అన్నది పనికొస్తుంది. కుదిరితే నోట్సులో ఒక పేజీ చూపించమనండి. పేజీ చేతిలో ఉంటే మాట దానంతటదే వస్తుంది.

డబ్బు ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. అడగాలి, కాకపోతే చివరి పావుగంటలో. "ఆ ఆరేళ్లు ఇల్లు ఎలా గడిచింది?" అంటే చాలు, అంకెలు చెప్పాలో వద్దో వాళ్లిష్టం.

రికార్డింగు

ఇక్కడ తప్పు జరిగితే పైన చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. రెండు పరికరాలతో రికార్డు చేయండి, ఒకటి ఆగిపోయినా రెండోది ఉంటుంది. ఫోను వాడితే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే కొన్ని యాప్‌లు రికార్డింగును ఆపేస్తాయి, మళ్లీ మొదలుపెట్టవు. ఫార్మాట్ వావ్ (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు), 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకోండి. మోనోలో, అంటే ఒకే చానల్‌లో, గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది, ముందే ఖాళీ చూసుకోండి. మాట గట్టిగా వచ్చినప్పుడు శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. సున్నాను తాకిందంటే ఆ మాట పగిలిపోయినట్టే, తర్వాత ఏం చేసినా బాగుపడదు.

కాలరు మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. కండువా, గొలుసు దానికి రాసుకోకుండా సర్దండి. రెండు మైకులు వాడుతుంటే, నోటికీ మైకుకీ ఎంత దూరమో దానికి కనీసం మూడింతల దూరం మైకుల మధ్య ఉండాలి. లేదంటే ఒకరి గొంతు రెండో మైకులోకీ వెళ్లి, రెండూ కలిపినప్పుడు డొల్లగా వినిపిస్తుంది. పుస్తకాల గది మంచి చోటు, అరల్లోని పుస్తకాలు ప్రతిధ్వనిని చెదరగొడతాయి. ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపించండి. చెవికి అలవాటైపోయిన శబ్దం మైకుకు అలవాటు కాదు. మొదలుపెట్టే ముందు 30 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి, తర్వాత కోతల మధ్య అతుకు వేయడానికి అదే పనికొస్తుంది.

దూరం నుంచి వీడియో కాల్‌లో చేస్తుంటే ఇద్దరూ ఎవరి వైపు వాళ్లు విడిగా రికార్డు చేసుకోవాలి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే, ఆ చప్పుడును పట్టుకుని రెండు ఫైళ్లనూ కలపొచ్చు. హెడ్‌ఫోన్లు ఇద్దరికీ తప్పనిసరి.

రికార్డింగు మొదట్లో తేదీ, ఇద్దరి పేర్లు, ఎక్కడ ప్రచురిస్తారో చెప్పి, అనుమతి గొంతుతోనే తీసుకోండి. అచ్చుకు ముందు రచయితకు చూపిస్తారా లేదా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. 1953లో మొదలైన పారిస్ రివ్యూ పత్రిక తన ఇంటర్వ్యూలను రచయితలకు చూపించి, దిద్దుకోనిచ్చే పద్ధతిని పాటిస్తూ వచ్చింది. వార్తాపత్రికలు సాధారణంగా చూపించవు. రెంటికీ కారణాలున్నాయి. రచయిత రాతపని గురించిన సంభాషణకు మొదటిదే మేలు. ఆలోచించి దిద్దిన వాక్యంలో ఎక్కువ సమాచారం ఉంటుంది. అయితే "తప్పులు దిద్దొచ్చు, అన్న మాటను తీసేయాలంటే ఇద్దరం మాట్లాడుకుందాం" అని హద్దు ముందే చెప్పండి. చెప్పకపోతే తిరిగొచ్చే ప్రతిలో మంచి వాక్యాలన్నీ ఎగిరిపోయి ఉంటాయి.

ఎదురుగా కూర్చున్నాక

మొదటి ప్రశ్న సులువుగా, కచ్చితంగా ఉండాలి. ఒక పేజీ, ఒక వస్తువు, ఒక తేదీ. కష్టమైనవి గంటలో 40వ నిమిషం దగ్గర. అప్పటికి మీరు పుస్తకం చదివారని ఆయనకు నమ్మకం కుదిరి ఉంటుంది, అలసట ఇంకా రాదు.

జవాబు పూర్తయ్యాక మూడు నాలుగు సెకన్లు ఊరుకోండి. ఇది చెప్పినంత సులువు కాదు. ఇంటర్వ్యూ చేసేటప్పుడు మౌనం భరించడానికి రాబర్ట్ కారో తన నోట్‌బుక్‌లో "నోరు మూసుకో" అన్న ఆంగ్ల మాటకు పొట్టిగా "ఎస్‌యూ" అని పదేపదే రాసుకుంటారు. వేలకొద్దీ పేజీల జీవితచరిత్రలు రాసిన మనిషికే ఆ హెచ్చరిక అవసరమైంది. మొదటి జవాబు అలవాటు కొద్దీ వస్తుంది. ఆ మౌనంలో నుంచి వచ్చే రెండోది, "అసలు సంగతేమిటంటే" అని మొదలయ్యేది, దానికోసమే మీరు వచ్చారు.

కాగితం చూసి వరుసగా చదివేయకండి. జవాబులో కొత్త పేరో, కొత్త సంవత్సరమో వినిపిస్తే అదే తర్వాతి ప్రశ్న. తీగ లాగితే డొంక కదులుతుంది. ఆ తీగ తెగాక కాగితం దగ్గరికి రండి.

రచయిత ఉపన్యాసంలోకి జారిపోతే మధ్యలో ఆపాల్సిందే. పేరుతో పిలిచి, పుస్తకంలోకి లాక్కురండి: "ఒక్క క్షణమండీ, ఈ మాటకు ఐదో అధ్యాయంలో స్కూలు సంఘటన ఉంది కదా, ఆ రోజు మీరు అక్కడే ఉన్నారా?" అమూర్తమైన మాటకు అడ్డుకట్ట నిర్దిష్టమైన పేజీయే. ముక్తసరిగా మాట్లాడే వాళ్లకు ఇంకో ఉపాయం: పుస్తకం తెరిచి చేతికిచ్చి, ఒక పేరా పైకి చదవమనండి. చదువుతూ తామే ఆగి, "ఈ వాక్యం పదిసార్లు మార్చాను" అనడం మొదలుపెడతారు. తన రంగంలో నిపుణుడైన రచయిత పారిభాషిక పదాల్లోకి వెళ్తే, అర్థమైనట్టు తలూపకండి. "దీనికి ఒక్క ఉదాహరణ చెప్పండి" అని అడగండి. అక్కడ మీకు అర్థం కానిది పాఠకుడికీ అర్థం కాదు.

పొగడ్తను రికార్డింగుకు ముందో తర్వాతో చెప్పండి. మధ్యలో చెబితే ఆయన వినయంగా రెండు మాటలనాలి, ఆ రెండు నిమిషాలూ కోతకే పోతాయి.

ముగింపులో "కొత్తగా రాసేవాళ్లకు సందేశం?" వద్దు. "నేను అడగాల్సింది ఏదైనా వదిలేశానా?" అనండి. రికార్డరును గుమ్మం దాకా ఆపకండి, అయితే అది నడుస్తోందని చెప్పి ఉండాలి. పుస్తకాలు సర్దుకుంటూ చెప్పే మాటల్లో చాలాసార్లు అన్నిటికన్నా మంచివి ఉంటాయి.

మాటను అక్షరంలో పెట్టడం

గంట రికార్డింగును విని పొల్లుపోకుండా టైపు చేయడానికి అలవాటున్నవాళ్లకైనా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. సాఫ్ట్‌వేర్ చేసిపెట్టినా పేర్లు, సంవత్సరాలు, ఊళ్లు అన్నీ మళ్లీ విని సరిచూడాలి. అది తడబడేది సరిగ్గా అక్కడే. ముఖ్యంగా "కాదు" మింగేసిన వాక్యాలు చూడండి, అర్థం తలకిందులవుతుంది.

దిద్దడంలో ఎంతవరకు వెళ్లొచ్చో ఒక ముక్క చూడండి. విన్నది ఇది:

"అంటే... మొదట్లో, మొదట్లో ఏమనుకున్నానంటే ఇది వ్యాసం. వ్యాసమే రాద్దామని. తర్వాత ఆ రిజిస్టరు చూశాక, అది రెండో ఏడాదనుకుంటా, కాదు కాదు మూడో ఏడాది, అప్పుడు తెలిసింది నాకు, ఇది వ్యాసానికి లొంగదని."

అచ్చుకు ఇలా: "మొదట్లో ఇది వ్యాసమే అనుకున్నాను. మూడో ఏడాది ఆ రిజిస్టరు చూశాక తెలిసింది, ఇది వ్యాసానికి లొంగదని."

ఇలా మాత్రం వద్దు: "పరిశోధన క్రమంలో విషయ విస్తృతిని గ్రహించి గ్రంథ రచనకు ఉపక్రమించాను." ఇందులో తప్పు సమాచారం లేదు, కానీ మనిషి లేడు. రిజిస్టరూ పోయింది, మూడో ఏడాదీ పోయింది, "లొంగదు" అన్న మాటా పోయింది. రచయిత మాండలికంలో మాట్లాడితే దాన్ని పాఠ్యపుస్తకం భాషలోకి ఇస్త్రీ చేయకండి. చదవడానికి మరీ అడ్డుపడే చోట ఉచ్చారణ సరిచేస్తే చాలు, క్రియలూ నుడికారమూ ఆయనవే ఉండాలి.

సాగతీతలు, పునరుక్తులు తీసేయొచ్చు. ఒకే విషయం మీద విడివిడిగా వచ్చిన ప్రశ్నజవాబులను దగ్గరికి చేర్చొచ్చు. ఒక ప్రశ్నకిచ్చిన జవాబును ఇంకో ప్రశ్న కింద పెట్టకూడదు. తర్వాత మీకు తట్టిన తెలివైన ప్రశ్నను అక్కడ అడిగినట్టు చేర్చకూడదు. మీరు చేర్చిన వివరణ చదరపు బ్రాకెట్లలోనే ఉండాలి. గంట సంభాషణలో అచ్చుకు నిలిచేది మూడో వంతు అయితే సంతోషించండి, మిగతాది పోతోందని దిగులు పడకండి.

రచయిత చెప్పిన తేదీలు, అంకెలను ఆయన పుస్తకంతోనే పోల్చి చూడండి. మాట్లాడేటప్పుడు జ్ఞాపకం జారుతుంది. పుస్తకంలో 1962 అని ఉండి నోట 1964 అని వస్తే రాసి అడగండి. ఏది సరైనదో ఆయనే చెప్పాలి, మీకు మీరుగా మార్చొద్దు. ఒక్కోసారి తప్పు పుస్తకంలోనే ఉంటుంది, అప్పుడు రెండో ముద్రణకు మీరు మేలు చేసినవాళ్లవుతారు.

అసలు రికార్డింగును కోతలు లేకుండా రెండు చోట్ల దాచండి. ఫైలు పేరులో తేదీ, రచయిత పేరు, పుస్తకం పేరు ఉండాలి. పక్కనే చిన్న టెక్స్ట్ ఫైలులో ఏ నిమిషానికి ఏ సంగతి వచ్చిందో రాసిపెట్టండి. ప్రచురించిన ఏడాదికో, పదేళ్లకో "నేనలా అనలేదు" అని ఎవరైనా అన్నప్పుడు, 41వ నిమిషం ఎక్కడుందో మీకు వెంటనే తెలియాలి.